ఇనుమునకు యశదకవచము



ఎండకు వానకు ఓర్చి నిలుచు ఇనుపకట్టడములకు, అనగా వంతెనలకు, నీటితొట్ల కాళ్ళకు, కంచె స్తంభములకు, తుప్పు పట్టిన పిదప ఏ పూత పూయింపవలెనను ప్రశ్న ఊరూరను వినవచ్చుచుండును. బజారులో జింకు అను పేరుతో పలువిధములైన పూతలు దొరకును. పేరొక్కటే కాని వాని గుణములు వేరు. ఈ పూతలు పుట్టిన చరిత్రము నెరిగినవారికి ఎన్నిక సులభమగును గనుక ఆ చరిత్రమునే మనవి చేసెదను.

జింకనగా మన తుత్తునాగమే, సంస్కృతమున యశదము. దీనిని ఖనిజమునుండి వేరుచేయుట మిక్కిలి కష్టము. రాగి వలె ఇది కొలిమి యడుగున నిలువదు. 907 డిగ్రీల వేడిలో ఆవిరియై పోవును; ఆ యావిరికి గాలి సోకెనా, కాలి తెల్లని పొడియగును. ఖనిజమునుండి లోహము విడివడుటకో అంతకంటె హెచ్చు వేడి కావలెను. ఈ చిక్కును విప్పినవారు మనదేశపు రసవాదులు. వంకాయ యాకారముగల మూసకు గొట్టము నమర్చి, దానిని తలక్రిందులుగా నిలిపి, ఆవిరిని క్రిందికి దింపి చల్లార్చు ఉపాయము రసరత్నసముచ్చయమున వర్ణింపబడియున్నది. రాజస్థానమున ఉదయపురము చేరువనున్న జావరులో ఇట్టి మూసలు ముప్పదియారేసి పట్టు కొలిములు త్రవ్వకములలో బయల్పడినవి. వాడిపారవేసిన మూసలతోనే అచ్చటివారు ఇండ్లగోడలు కట్టుకొనిరట! ఇంగ్లాండులోని బ్రిస్టలు పట్టణమున విలియం ఛాంపియను యశదమును బట్టీపట్టు విధానమునకు పేటెంటు పొందినది ఆ తరువాత చాల కాలమునకు, 1738లో.

కరిగిన యశదములో ఇనుమును ముంచినచో పూత పట్టునని 1742లో మలూయిను అను ఫ్రెంచి రసాయనవేత్త పారిసులోని శాస్త్రపరిషత్తునకు విన్నవించెను. కాని అది విరివిగా వ్యాపారములోనికి వచ్చుటకు దాదాపు నూరేండ్లు పట్టినది. 1837లో సోరెలు అను మరియొక ఫ్రెంచివాడు ఇనుమును ముందు గంధకికామ్లముతో కడిగి, నవాసారము పట్టించి, పిమ్మట ముంచు పద్ధతికి పేటెంటు పొందెను. మన వీధులలో కళాయి పూయువాడు చేయు పనియు ఇంచుమించుగా నిట్టిదే కదా! గిన్నెను తళతళలాడునట్లు తోమక, నవాసారము చల్లక, వాడు తగరమును ముట్టడు. పూతకంటె ముందు శుద్ధి: ఈ ప్రసంగమున నేను గట్టిగా చెప్పదలచినది ఈ యొక్కమాటయే.

దీనికి గల కారణమును 1824లో సర్ హంఫ్రీ డేవీ లోకమునకు చూపెను. ఓడల యడుగున తాపిన రాగిరేకులను ఉప్పునీరు తినివేయుచుండగా, అతడు వానికి యశదపు ముక్కలను, ఇనుపముక్కలను తగిలించెను. ముక్కలు కరగినవి; రాగి నిలిచినది. కాని రాగి కరగుట మానగానే ఓడయడుగున నాచును గుల్లలును దట్టముగా పట్టి ఓడల వేగము తగ్గెను. నౌకాశాఖవారు ఆ యుపాయమును విడిచిరి. ఉపాయము పోయినను సూత్రము నిలిచినది. రెండు లోహములు తడిలో తాకియున్నప్పుడు చురుకైనది తాను కరగి రెండవదానిని కాపాడును. ఇనుముకంటె యశదము చురుకైనది. అందువలననే పూతపై చిన్న గీటు పడినను ఆ గీటులోని ఇనుము వెంటనే తుప్పు పట్టదు. మామూలు రంగునకు ఈ శక్తి లేదు. గాల్వనైజు అను మాట కప్పకాళ్ళలో విద్యుత్తును పరిశీలించిన ఇటలీ పండితుడు గాల్వానీ పేరినుండి వచ్చినది. ముంచుటలో విద్యుత్తు పనియేమియు లేదు గనుక ఇది కేవలము రూఢి యని తోచును. తరచి చూడగా, ముంచిన పిదప జరుగు రక్షణమంతయు విద్యుత్తు పనియే గావున అన్వర్థమే. మన జీ.ఐ. బొక్కెనలపై మంచుపువ్వులవలె మెరయు మరకలు ఆ యశదపు స్ఫటికములే.

ఇప్పుడు ఎన్నిక సంగతి. విప్పి తీసికొనిపోదగిన వస్తువైనచో, అది తుప్పు పట్టినదైనను, ఆమ్లముతో కడిగించి సుమారు 450 డిగ్రీల యశదములో ముంచించుటయే మేలు. పూత ఇనుముతో కలిసి ఏకమగును. కదలని కట్టడమునకు రెండు దారులు. ఒకటి, కరిగిన యశదమును గాలితో చిమ్ముట. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో స్విట్జర్లాండువాడగు షూపు దీనిని కనిపెట్టెను. రెండవది, యశదపుపొడి రంగు. ఆస్ట్రేలియాలో నైటింగాలు అనునతడు సిలికేటుతో కూర్చిన ఇట్టి పూతను 1940 తరువాత మోర్గను నుండి వయాలా వరకు వేసిన నీటిగొట్టపు మార్గమునకు వాడిరి. ఇట్టి రంగు ఆరిన పిదప దాని బరువులో నూటికి ఎనుబదిపాళ్ళ వరకైనను యశదమే యుండవలెను. రేణువు రేణువును, రేణువు ఇనుమును తాకవలెను గదా. డబ్బాపై వెండివన్నె చూచి మోసపోరాదు.

నేను పనిచేసిన యొక పాఠశాలలో నీటితొట్టి కాళ్ళకు తుప్పుమీదనే జింకురంగు పూసిరి. తుప్పు గీకింపుడని వ్రాసితిని. గీకుటకు పద్దు లేదని జవాబు వచ్చెను! రెండు వానకాలములు గడచునప్పటికి రంగు పొలుసులుగా రాలెను. యశదమునకును ఇనుమునకును నడుమ తుప్పు అడ్డుగోడయై నిలిచినచో యశదము త్యాగము చేయుటకు వీలెక్కడిది? పిల్లలు నీరు త్రాగు తొట్టి క్రింద ఆ కాళ్ళు పలుచబడుచుండగా చూచుట నాకు ప్రాణసంకటమయ్యెను. తుదకు కాళ్ళనే మార్చవలసివచ్చెను. ఆ వ్యయముతో ఎన్నిసార్లు గీకించియుండవచ్చునో!

రాజమహేంద్రవరమున గోదావరిపై 1900లో తెరువబడి 1997 వరకు రైళ్ళను మోసిన హేవలాకు వంతెనకు 56 ఖానాలు. అట్టిదానిని ముంచుట యెట్లు? ఇట్టి కట్టడమునకు గరుకుపొడిని గాలివేగముతో కొట్టి ఉక్కును తెల్లగా తేల్చి, పిమ్మట యశదమును చిమ్ముటయో, యశదపు రంగు పూయుటయో చేయవలెను. ఇనుపకుంచెతో రుద్దిన చాలదు. గుంటలలోని తుప్పు అట్లే యుండును. విశాఖ, మచిలీపట్టణము వంటి సముద్రతీరములలో ఉప్పుగాలి యశదమును కూడ త్వరగా తినును గనుక, దానిపై ఎపాక్సీ వంటి పూతలు మరి రెండు కావలెను. తీరపుగాలిలో శుద్ధమైన ఉక్కు కొన్ని గంటలలోనే మరల ఎఱ్ఱబారును. కావున ఉదయము తేల్చిన భాగమునకు సాయంకాలము లోపలనే మొదటిపూత పడవలెను, మిగిలినదానిని మరునాడు మరల కొట్టియే పూయవలెను.