కాన్‌బెరాకు ఐదు మిల్లీమీటర్లు

1957లో భారత వైమానిక దళం కోసం బ్రిటన్‌తో కుదిరిన కాన్‌బెరా జెట్ విమానాల ఒప్పందంలో 54 బాంబర్లు, 6 శిక్షణ విమానాలు, 8 ఫొటో విమానాలు ఉన్నాయి. ఆ చివరి ఎనిమిదింటి గురించే ఈ వ్యాసం. వాటికి తుపాకుల్లేవు, బాంబుల్లేవు. పొట్టలో కెమెరాలు, అదనపు ఇంధనం, రాత్రిపూట ఫొటోలకు వెలుగునిచ్చే ఫ్లేర్లు మోసుకుని ఎగిరేవి. మన దళంలో వాటి పేరు పీఆర్-57.

ప్లాస్టిక్ కిట్లతో విమాన నమూనాలు కట్టే అలవాటున్నవాళ్లు కాన్‌బెరా అనగానే బాంబర్‌నే ఎంచుకుంటారు. అందులో తప్పేమీ లేదు. గోవా విముక్తి పోరులో 1961 డిసెంబరు 18న దాబోలిం విమానాశ్రయం మీద బాంబులు వేసింది ఆ విమానమే. అదే ఏడాది ఐక్యరాజ్యసమితి తరఫున కాంగో దాకా వెళ్లి పోరాడిందీ అదే. కానీ ఉప్పల్‌లోనో నాచారంలోనో ఉంటూ కాన్‌బెరా కట్టాలనుకునేవాళ్లు మాత్రం ఫొటో విమానాన్నే కట్టాలని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే ఆకాశం నుంచి తీసిన ఫొటోను మ్యాపుగా మార్చే విద్య ఈ దేశంలో ఎన్నో తరాలు నేర్చుకున్న చోటు ఉప్పల్. సర్వే ఆఫ్ ఇండియా వారి ప్రాంగణం అక్కడే ఉంది. రోజూ వేలమంది ఆ గోడ పక్క నుంచే బస్సుల్లోనూ మెట్రోలోనూ వెళ్తుంటారు.

ముందు విమానం సంగతి చూద్దాం. రెండో ప్రపంచయుద్ధం ముగిసేనాటికి బ్రిటన్ చేతిలో జెట్ ఇంజన్ ఉంది గానీ జెట్ బాంబర్ లేదు. ఆ పని ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంపెనీ తీసుకుంది. డిజైనర్ డబ్ల్యూ.ఇ.డబ్ల్యూ. పెటర్. 1949 మే 13న టెస్ట్ పైలట్ రోలాండ్ బీమాంట్ దాన్ని మొదటిసారి గాల్లోకి లేపాడు. వెడల్పాటి రెక్క, రెండు రెక్కల్లో ఒక్కో రోల్స్‌రాయిస్ ఏవన్ ఇంజన్, గుండ్రటి పొడవాటి ఒళ్లు. చూడ్డానికి ఎక్కడా ఆర్భాటం లేదు. ఆ వెడల్పాటి రెక్క వల్లనే అది శత్రువు ఫైటర్లకు అందనంత ఎత్తుకు వెళ్లగలిగేది. తొలి రకాలకు ఆత్మరక్షణ తుపాకులే పెట్టలేదు. ఎత్తు, వేగం చాలనుకున్నారు. 1951 ఫిబ్రవరిలో ఎక్కడా ఆగకుండా, మధ్యలో ఇంధనం నింపుకోకుండా అట్లాంటిక్ దాటిన తొలి జెట్ ఇదే. 1957 ఆగస్టులో రాకెట్ ఇంజన్ అదనంగా అమర్చిన కాన్‌బెరా ఒకటి 70,310 అడుగులు ఎక్కి ప్రపంచ రికార్డు సాధించింది. ఆస్ట్రేలియా మొదటి విదేశీ కొనుగోలుదారు కావడంతో ఆ దేశ రాజధాని పేరే విమానానికి పెట్టారు.

ఈ పెటరే తర్వాత ఫోలాండ్ కంపెనీకి వెళ్లి నాట్ అనే బుల్లి ఫైటర్‌ను రూపొందించాడు. బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో తయారై, 1965 యుద్ధంలో పాకిస్తాన్ సేబర్ ఫైటర్ల పని పట్టింది ఆ నాటే. మన వైమానిక దళం అరవయ్యో దశకాన్ని తలచుకుంటే ఒక్క డిజైనర్ చేతి నుంచి వచ్చిన రెండు విమానాలు కళ్లముందు నిలుస్తాయి. అదే కాలంలో హైదరాబాద్ వాళ్లకు బ్రిటిష్ జెట్ చప్పుడు కొత్త కాదు. హకీంపేటలో కుర్ర పైలట్లు వాంపైర్ల మీద శిక్షణ పొందేవారు.

ఎనిమిది పీఆర్-57లూ చేరింది 106 స్క్వాడ్రన్‌కు. ఆ తర్వాత యాభై ఏళ్లపాటు ఆ స్క్వాడ్రన్ చేసిన పనిలో చాలాభాగం పత్రికలకు ఎక్కలేదు. ఎక్కినప్పుడు మాత్రం సంచలనమే. 1959 ఏప్రిల్ 10, రంజాన్ పండుగ రోజు. రావల్పిండి మీద చాలా ఎత్తున వెళ్తున్న మన పీఆర్-57ను పాకిస్తాన్ సేబర్ కూల్చింది. పైలట్, నావిగేటర్ ఇద్దరూ బయటికి దూకి బతికారు. ఎత్తే కవచం అనుకున్న రోజులు అప్పటికే అయిపోవచ్చాయన్నమాట. అయినా ఆ సిబ్బంది ఎగరడం మానలేదు. జగ్‌మోహన్ నాథ్ అనే అధికారి 1960-62 మధ్య అక్సాయ్‌చిన్, టిబెట్ మీదుగా మళ్లీ మళ్లీ వెళ్లి చైనా సేనల మోహరింపును ఫొటోలు తీసుకొచ్చాడు. 1965లో పాకిస్తాన్ మీదా అదే పని చేశాడు. రెండుసార్లు మహావీర్ చక్ర అందుకున్నాడు. ఒక్క గుండు పేల్చని విమానంలో కూర్చుని రెండు మహావీర్ చక్రలు! మన పాఠ్యపుస్తకాల్లో ఈ పేరు ఉండితీరాలి. 1962లో చైనా ఏం చేయబోతోందో ఎవరికీ తెలియదని చెప్పుకుంటుంటాం. ఫొటోలు మాత్రం ముందే వచ్చి ఉన్నాయి.

1999 మే 21న, కార్గిల్ పోరు మొదలవుతున్న రోజుల్లో, బటాలిక్ దగ్గర ఒక పీఆర్-57కు స్టింగర్ క్షిపణి తగిలింది. ఒక ఇంజన్ దెబ్బతింది. పైలట్ పెరుమాళ్ రెండో ఇంజన్‌తోనే దాన్ని శ్రీనగర్‌లో దించాడు. డిజైన్ అయి అర్ధశతాబ్దం దాటిన విమానం అది.

ఇంత ప్రమాదకరమైన పనుల నడుమ 106 స్క్వాడ్రన్‌కు మరో బాధ్యత ఉండేది: మ్యాపుల కోసం ఫొటోలు తీయడం. సర్వే ఆఫ్ ఇండియాకు వైమానిక ఛాయాచిత్రాలు అందించినవి మూడే సంస్థలు. భారత వైమానిక దళం, కోల్‌కతా డమ్‌డమ్‌లోని ఎయిర్ సర్వే కంపెనీ, హైదరాబాద్‌లో 1975లో పుట్టిన నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ. మనం ఇప్పుడు ఎన్‌ఆర్‌ఎస్‌సీ అంటున్నది ఆ మూడోదాన్నే. ఇటు 1960ల చివర్లో ఐక్యరాజ్యసమితి సాయంతో ఉప్పల్‌లో సర్వే శిక్షణ, మ్యాపుల తయారీ కేంద్రం రూపుదిద్దుకుంది. దేశం నలుమూలల నుంచి, ఇతర దేశాల నుంచి కూడా సర్వేయర్లు ఇక్కడికొచ్చి ఫొటోల నుంచి భూమి కొలతలు తీసే విద్య నేర్చుకున్నారు.

ఆ విద్య ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూడాలి. విమానం తిన్నటి గీతలో వెళ్తూ, నేరుగా కిందికి చూసే కెమెరాతో వరసగా ఫొటోలు తీస్తుంది. పక్కపక్క ఫొటోలు రెండింటిలో సుమారు 60 శాతం ఒకే నేల కనిపించేలా చూసుకుంటారు. ఒక్కో ఫొటో 23 సెంటీమీటర్ల చదరం. ఇలాంటి జంటను ఎడమ కంటికి ఒకటి, కుడి కంటికి ఒకటి చూపించే పరికరం కింద పెడితే, రెండు బల్లపరుపు ఫొటోలు కలిసిపోయి గుట్ట లేస్తుంది, వాగు లోతుకు దిగుతుంది. సర్వేయర్ కళ్లముందు ఒక వెలుగు చుక్క తేలుతుంటుంది. చేతి చక్రాలు, కాలి చక్రం తిప్పుతూ ఆ చుక్కను నేలకు సరిగ్గా తాకించి, ఎత్తు మారకుండా గుట్ట చుట్టూ నడిపిస్తే ఒక కాంటూర్ గీత పూర్తవుతుంది. చుక్క నేలలోకి దిగినా, గాల్లోకి తేలినా గీత తప్పు. రోజంతా యంత్రానికి కళ్లు ఆనించి చేసే పని అది. మన స్కూలు అట్లాసుల వెనక, ఆనకట్టల నక్షాల వెనక ఆ కళ్లు ఉన్నాయి.

ఒక లెక్క వేసి చూస్తే విమానం ఎత్తు విలువ తెలుస్తుంది. 12 కిలోమీటర్ల ఎత్తు నుంచి, సర్వే కెమెరాల్లో మామూలుగా వాడే 152 మిల్లీమీటర్ల లెన్స్‌తో ఒక ఫొటో తీస్తే అందులో 18 కిలోమీటర్ల చదరం నేల పడుతుంది. ఉప్పల్ రింగ్‌రోడ్డు మీద గురిపెట్టి తీస్తే సికింద్రాబాద్ స్టేషన్, ఎల్బీనగర్, ఈసీఐఎల్ మూడూ అదే ఫొటోలో ఉంటాయి.

ఇక మోడల్‌కు వద్దాం. విమాన మోడళ్లలో ఎక్కువ ఆదరణ ఉన్న స్కేలు 1:72. ఇది బ్రిటిష్ అలవాటు. ఆరడుగులకు ఒక అంగుళం అన్న లెక్క. ఆరడుగుల మనిషి అంగుళం బొమ్మ అవుతాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఆకాశంలో కనిపించేది మనదో శత్రువుదో గుర్తుపట్టడం నేర్పడానికి ఈ స్కేలు నమూనాలు వాడారు. పీఆర్-57 అసలు పొడవు 20.3 మీటర్లు, రెక్కల విస్తారం 19.5 మీటర్లు. 1:72లో అది 28 సెంటీమీటర్ల పొడవు, 27 సెంటీమీటర్ల వెడల్పు అవుతుంది. రాతబల్ల మీద హాయిగా పడుతుంది. అదే విమానాన్ని 1:50,000 సర్వే షీటు మీద గీస్తే అర మిల్లీమీటరుకు కూడా రాదు.

ఎయిర్‌ఫిక్స్ లాంటి కంపెనీల నుంచి సులువుగా దొరికేది బాంబర్ కిట్. బాంబర్‌లోనూ రెండు రకాల ముక్కులున్నాయి. మన బాంబర్ బీఐ-58కి పైలట్ గాజు కప్పు ఫైటర్‌కు ఉన్నట్టు ఎడమ పక్కకు జరిగి ఉంటుంది. ఫొటో విమానానికి కప్పు సరిగ్గా నడిమధ్య. కాబట్టి పీఆర్-57 కట్టాలంటే పాత పద్ధతి ముక్కున్న బీ-2 రకం కిట్ తీసుకోవాలి. తర్వాత అసలు పని. కెమెరా రకం కాన్‌బెరాకు రెక్క ముందు భాగంలో ఒంటిని 14 అంగుళాలు పెంచారు. ఫ్లేర్లకూ అదనపు ఇంధనానికీ చోటు కోసం. 14 అంగుళాలను 72తో భాగిస్తే వచ్చేది ఐదు మిల్లీమీటర్లకు ఒక వెంట్రుకవాసి తక్కువ.

ఆ ఐదు మిల్లీమీటర్లు చాలామంది వదిలేస్తారు. వదలకండి. ఈ విమానం ఎందుకు పుట్టిందో అక్కడే ఉంది. కోయాల్సిన చోట మొదట ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు చుట్టాలి. దాని అంచు వెంట సన్నపళ్ల రంపాన్ని తేలిగ్గా తిప్పుతూ పోవాలి. ఒకేసారి కోసేస్తే కోత వంకర పోతుంది. ప్లాస్టిక్ షీటు నుంచి ఒంటి చుట్టుకొలతకు కొంచెం పెద్దగా బిళ్లలు కత్తిరించి, మందం ఐదు మిల్లీమీటర్లు వచ్చేదాకా ఒకదాని మీద ఒకటి లిక్విడ్ సిమెంటుతో అతికించాలి. రెండు రోజులు కదపకుండా వదిలేసి, ఆరాక మధ్యలో ఇరికించి, పుట్టీ పెట్టి, తడిపిన వాటర్ పేపర్‌తో రుద్దాలి. 400 నంబరుతో మొదలుపెట్టి 1000 దాకా. కారు డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు వాళ్లు వాడే కాగితమే ఇదీ. వేలి కొసతో నిమిరితే అతుకు తగలకూడదు. కంటికంటే వేలికే ముందు తెలుస్తుంది.

నాచారం పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ మోల్డింగ్ యూనిట్లలో పనిచేసినవాళ్లు ఇంటిపక్కనే ఉంటే ఒకసారి కిట్ పెట్టె తెరిచి చూపించండి. ప్లాస్టిక్ గింజలను (దానా) కరిగించి, ఒత్తిడితో ఉక్కు డైలోకి ఎక్కించి, చల్లార్చి, పిన్నులతో బయటికి నెట్టే ప్రక్రియ బకెట్ మూతకైనా విమానం రెక్కకైనా ఒకటే. మందం ఎక్కువున్నచోట ప్లాస్టిక్ లోపలికి గుంటపడటం, డై సరిగ్గా మూసుకోనిచోట అంచుకు పొర రావడం, పిన్ను గుర్తులు పడటం వాళ్లు చూడగానే పట్టేస్తారు. వాటిని ఎలా సరిచేయాలో కూడా చెబుతారు. పుస్తకాల్లో దొరకని సలహాలు అవి.

మరో రెండు జాగ్రత్తలు. కాన్‌బెరా మూడు చక్రాల మీద నిలుస్తుంది. ముక్కులో బరువు పెట్టకపోతే మోడల్ తోక మీద కూలబడుతుంది. గాలానికి కట్టే సీసం గుండ్లను ఒళ్లు అతికించకముందే ముక్కు లోపల అంటించేయాలి. రెండోది, నిలువు తోక ముందు భాగం అసలు విమానంలో చెక్కతో చేసింది. లోహపు పలకల గీతలు అక్కడ చెక్కకూడదు. ఇక రంగుకు ముందు ఏ ఏడాది విమానాన్ని కడుతున్నారో తేల్చుకుని, ఆ కాలం ఫొటో ఎదురుగా పెట్టుకోండి. యాభై ఏళ్లు ఎగిరిన విమానం ఒకే రంగులో ఉండదు. మన వైమానిక దళం గుర్తు మాత్రం మారదు: బయటి వలయం కాషాయం, దాని లోపల తెలుపు, కేంద్రంలో ఆకుపచ్చ.

బ్రిటన్ తన చివరి కాన్‌బెరాలను 2006 జులైలో విరమింపజేసింది. మనవి ఇంకో పది నెలలు ఎగిరాయి. 2007 మే 11న ఆగ్రాలో వీడ్కోలు చెప్పారు. అమెరికాలో తయారైన కాన్‌బెరా వంశపు విమానాలను నాసా నేటికీ పరిశోధనకు వాడుతోంది. ఉప్పల్ ప్రాంగణంలో కాంటూర్ గీసే చక్రాల యంత్రాల స్థానంలో కంప్యూటర్లు వచ్చాయి. శిక్షణ సంస్థ పేరూ మారింది.

హబ్సిగూడ, రామంతాపూర్, నాచారం కాలనీల్లో సర్వే ఆఫ్ ఇండియా నుంచి రిటైరైనవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మీ తాతగారో పక్కింటి పెద్దాయనో వారిలో ఒకరైతే ఈ ఆదివారమే వెళ్లి అడగండి: ఏ యంత్రం మీద కూర్చున్నారు, ఏ జిల్లా గుట్టలు గీశారు, ఫొటోలు ఎక్కడినుంచి వచ్చేవి, చుక్కను నేలకు తాకించడం ఎన్నాళ్లకు పట్టుబడింది. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి, గొంతు రికార్డు చేయండి. విమానానికి మ్యూజియంలో చోటు దొరికింది. వాళ్ల పనికి ఇంకా దొరకలేదు.