ఫోక్స్‌వ్యాగన్ విమాన ఇంజను

ఇంట్లో కట్టుకునే తేలికపాటి విమానాల కోసం బీటిల్ కారు ఇంజనును మార్చి తయారుచేసే పిస్టన్ ఇంజను ఇది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్‌లో వాడుకలోకి వచ్చింది. ఫ్రాన్స్‌లో రూపుదిద్దుకున్న డ్రువీన్ టర్బులెంట్, జోడెల్ డి.9 విమానాలు దీనితోనే ఎక్కువగా ఎగిరాయి. విమాన రూపకర్త బర్ట్ రూటన్ 1975లో ఎగురవేసిన తొలి వేరీఈజ్ విమానానికీ ఇదే ఇంజను.

క్రాంక్‌షాఫ్ట్‌కు అటు రెండు, ఇటు రెండుగా పడుకున్న నాలుగు సిలిండర్లను గాలే చల్లబరుస్తుంది. రేడియేటరు, నీటి గొట్టాల బరువు ఉండదు. ధర తక్కువ, విడిభాగాలు సులువుగా దొరుకుతాయి.

అసలు చిక్కు వేడితోనే. కారు ఇంజను పూర్తి శక్తితో నడిచేది అరుదు. విమానంలో పైకి ఎక్కేంతసేపూ అలాగే నడవాలి. పైగా ఎగ్జాస్ట్ వాల్వు చుట్టూ సిలిండర్ హెడ్ బాగా కాగుతుంది. అందుకే గంటల తరబడి రాబట్టగల శక్తికి పరిమితి ఇంజను పరిమాణం కాదు, ఆ హెడ్డే. దాని ఉష్ణోగ్రత చూపే మీటరు లేకుండా ఎగరడం ప్రమాదకరం.

గేర్లు లేకుండా ప్రొపెల్లర్‌ను నేరుగా బిగిస్తారు. నిమిషానికి 3,000కు పైగా తిరుగుతుంది కాబట్టి దాని వ్యాసం ఒకటిన్నర మీటర్ల దగ్గరే ఆగుతుంది. కారులో సిలిండరుకు ఒకే స్పార్క్ ప్లగ్; జాగ్రత్తపరులు హెడ్‌లో రంధ్రం చేసి రెండోది అమరుస్తారు. ప్రొపెల్లర్ ఒత్తిడిని ఓర్చుకోవడానికి ఫోర్జింగ్ చేసిన క్రాంక్‌షాఫ్ట్ మేలు. ఇలాంటి ఇంజను కిట్లలో ఒకటైన 2,180 సీసీ ఏరోవీ 80 హార్స్‌పవర్ ఇస్తుంది.