ర్యాంకు వచ్చినా.. 'ఈ సీటు నాది కాదేమో' అన్న భయం! ఇంపోస్టర్ ఫీలింగ్ అంటే ఏంటి?

ఎంట్రెన్స్ రాశారు.. ర్యాంకు కొట్టారు.. హైదరాబాద్‌లో సీటూ వచ్చింది. అయినా క్లాసులో కూర్చుంటే 'అందరికీ అన్నీ వచ్చు, నేనే పొరపాటున వచ్చేశా, ఎప్పుడో దొరికిపోతా' అని లోపల ఒకటే గుబులు. దీన్నే ఇంపోస్టర్ ఫీలింగ్ అంటారు. 1978లో అమెరికా సైకాలజిస్టులు పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ దీని గురించి మొదటిసారి రాశారు. బాగా చదివి పైకొచ్చిన మహిళలు కూడా తమ గెలుపును అదృష్టం ఖాతాలో వేసేసుకోవడం వాళ్లు గమనించారు. మగవాళ్లలోనూ ఇది ఉందని తర్వాత తేలింది. ఇది జబ్బు మాత్రం కాదు.

భద్రాచలం ఏజెన్సీ నుంచి వెళ్లే పిల్లలకు ఈ బరువు ఇంకాస్త ఎక్కువే. చర్ల, దుమ్ముగూడెం వైపు కోయ ఇళ్లలో పుట్టిన పిల్లలకు ఇంట్లో కోయ, బళ్లో తెలుగు, కాలేజీలో ఇంగ్లీష్. మూడో భాషలో తడబడితే చదువు రాదనే ముద్ర పడుతుంది. పైగా 'కోటాలో వచ్చావా?' అన్న ఒక్క మాట చాలు. కోటా సీటుకైనా పరీక్ష రాయాల్సిందే కదా! అంటే లోపమంతా ఆ పిల్లాడి మనసులోనే లేదు, అతని చుట్టూ ఉన్నవాళ్లలోనూ ఉంది.

ఆ భయం నుంచే 'ఒక్క తప్పూ జరగకూడదు' అన్న పట్టుదల పుడుతుంది. కొందరు రాత్రంతా చదువుతారు. కొందరు భయంతో వాయిదా వేసి, చివర్లో హడావుడి పడతారు. మార్కులు వస్తే మొదటివాళ్లు 'కష్టపడ్డా కాబట్టి వచ్చాయి, తెలివి లేదు' అంటారు, రెండోవాళ్లు 'లక్కు' అంటారు. నమ్మకం మాత్రం పెరగదు. 1989 నుంచి 2016 వరకు అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో 41 వేల మందికి పైగా విద్యార్థుల వివరాలు చూసిన పరిశోధనలో, 'అందరూ నా నుంచి పర్ఫెక్షన్ కోరుతున్నారు' అన్న భావనే ఎక్కువగా పెరిగింది. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్లలకు ఊరంతా తమనే చూస్తున్నట్టు ఉంటుంది మరి.

2014 మే 25న మాలావత్ పూర్ణతో పాటు ఎవరెస్ట్ ఎక్కిన ఆనంద్ కుమార్‌ది ఉమ్మడి ఖమ్మం జిల్లానే. ఇద్దరూ గురుకుల విద్యార్థులే. వాళ్ల శిక్షణ మొదలైంది హిమాలయాల్లో కాదు, భువనగిరి గుట్ట మీద.

ఏం చేయాలి? సాధించినవి కాగితం మీద రాసుకోండి. అదే ప్రాంతం నుంచి వచ్చిన సీనియర్‌తో మాట్లాడండి, వాళ్లకూ ఇదే భయం ఉండి ఉండొచ్చు. నిద్ర పట్టకపోయినా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా ఆలస్యం చేయకుండా కేంద్రం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. కాల్ ఉచితం. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.