అంబ్రి యాపిల్

అంబ్రి కశ్మీర్ లోయకు చెందిన పాతకాలపు తీపి యాపిల్ రకం. ఐరోపా, అమెరికా రకాలు రాకముందే లోయలో సాగులో ఉంది. దక్షిణ కశ్మీర్‌లోని షోపియాన్ దీనికి పెట్టింది పేరు. కాయలు సెప్టెంబరు చివర్లో, అక్టోబరులో కోతకొస్తాయి.

పండు కాస్త కోలగా ఉంటుంది. పసుపు కలిసిన లేతాకుపచ్చ తొక్కపై ఎర్రటి చారలు, ఎండ తగిలిన వైపు మరింత ఎరుపు. గుజ్జు తెల్లగా, కరకరలాడుతూ ఉంటుంది, పులుపు నామమాత్రం. తీపి చాలా రకాల్లో ఉంటుంది గానీ, అంబ్రికి పేరు తెచ్చింది దాని సువాసనే. నిల్వలోనూ దీనిది పైచేయే. శీతల గిడ్డంగి అవసరం లేకుండా, మామూలు చల్లని గదిలోనే నెలల తరబడి చెడదు. మంచుకు దారులు మూసుకుపోయే లోయలో ఇది చిన్న సుగుణం కాదు.

ఇంత మంచి పండు వెనకబడడానికి కారణం చెట్టు తీరు. నాటాక చాలా ఏళ్లకు గానీ కాపుకు రాదు. వచ్చాకైనా నిలకడ ఉండదు: ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు మొహం చాటేస్తుంది. పైగా స్కాబ్ తెగులును తట్టుకోలేదు. చల్లని, తడి వసంతంలో ఈ శిలీంధ్రం ఆకులపై ముదురు మచ్చలుగా మొదలై కాయకు పాకుతుంది. మచ్చ పడినచోట తొక్క గరుకెక్కి పగులుతుంది. 1973లో ఈ తెగులు కశ్మీర్ తోటలను తీవ్రంగా దెబ్బతీసింది. త్వరగా కాపుకొచ్చి, బజారులో ఎర్రగా మెరిసే అమెరికా డెలిషియస్ రకాలవైపు రైతులు మొగ్గారు. అప్పు తీర్చాల్సిన రైతును అందుకు తప్పుపట్టలేం. మన పళ్ల బజార్లలో కశ్మీర్ యాపిల్ పేరుతో అమ్మేవి కూడా ఎక్కువగా ఆ రకాలే.

అంబ్రి గుణాలను వదులుకోలేక శాస్త్రవేత్తలు సంకరాలు చేశారు. రెడ్ డెలిషియస్‌తో కలపగా లాల్ అంబ్రి, గోల్డెన్ డెలిషియస్‌తో కలపగా సునెహరి వచ్చాయి. ఇవి మంచి రకాలే అయినా అంబ్రికి ప్రత్యామ్నాయం కావు. యాపిల్ గింజ నాటితే తల్లి రకం యథాతథంగా రాదు. అందువల్ల అసలు అంబ్రి నిలవాలంటే ఉన్న చెట్ల కొమ్మలతో అంటు కట్టడమే మార్గం.