కొయ్యలో కొలత: హైదరాబాదు విమానము, వేములఘాట్ గ్రామము

పెద్ద వస్తువును దాని పొందిక చెడకుండ చిన్న కొయ్యముక్కలో నిలుపు విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. మన శిల్పులు తాళప్రమాణము ననుసరించి, ముఖము పొడవును మూలమానముగా గ్రహించి, తక్కిన అవయవముల నెల్ల దానినిబట్టియే నిర్ణయించుచుండిరి. ఇరువదవ శతాబ్దమున మానవుడు ఆకాశమున కెగిరిన పిమ్మట ఇట్టి విద్యయే కొయ్య విమానముల నమూనాలుగా పడమటి దేశములందు వ్యాపించినది. ఆ నమూనాల కాధారమైన విమానములలో ఒకటి మన హైదరాబాదు పేరును మోసినది. ఆ వృత్తాంతమును చెప్పి, నీట మునిగిన వేములఘాట్ గ్రామము విషయమున ఈ విద్య చేయదగిన పని యేదియో విన్నవించుట ఈ వ్యాసమున కుద్దేశము.

మొదటి ప్రపంచయుద్ధము జరుగుచుండగా, 1917 నవంబరు 1వ తేదీన ఇంగ్లండులో 110వ వైమానిక దళము ఏర్పడినది. దాని విమానముల వెల నిచ్చినవాడు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్. నేటి సిద్దిపేట ప్రాంతపు పల్లె లన్నియు అప్పటి కాయన రాజ్యములోనివే. నిజాము కానుకయని తెలుపు అక్షరములు ఆ విమానముల దేహములపై వ్రాసిరి. దళమునకు హైదరాబాదు పేరు చేరినది. దాని చిహ్నమున పులి నిలిచినది. ఆ విమానములు డి హావిలాండ్ 9ఎ అను జాతివి. నాలుగువందల గుఱ్ఱపుశక్తి గల యంత్రము ముందుండగా, కొయ్య చట్రముపై నారబట్ట బిగించి, అది బిగుసుకొనుటకై రోగనము పూసి వానిని నిర్మించిరి. బల్లలు, కుర్చీలు, బీరువాలు చేసి జీవించు వడ్రంగులు ఆ యుద్ధకాలమున విమానముల ఎముకలను కూర్చిరి. కావున తొలినాటి విమానము ముమ్మాటికి వడ్రంగి బిడ్డయే.

హైదరాబాదు దళపు విమానములలో ఎఫ్ 1010 సంఖ్య గలది 1918 అక్టోబరు 5న జర్మనుల చేత చిక్కినది. వారు దానిని బెర్లిను ప్రదర్శనశాలలో నిలిపిరి; రెండవ యుద్ధకాలమున అది పోలండు చేరెను; 1977లో లండనులోని వైమానిక ప్రదర్శనశాలకు మరలివచ్చి, జీర్ణోద్ధరణము పొంది, ప్రదర్శనకు నిలిచినది.

ఇట్టి విమానమును చేతితో చిన్నదిగా చెక్కు పద్ధతిని కొంచెము దగ్గరగా చూతము. ఈ విద్యలో ప్రసిద్ధమైన ప్రమాణము డెబ్బదిరెండింట ఒకటవ వంతు. అనగా ఆరడుగులకు ఒక అంగుళము, మనిషి యెత్తున కొక అంగుళము. నలువదియారడుగుల డి హావిలాండు రెక్క ఆ లెక్కను ఏడున్నర అంగుళములకు కొంచెము మించును. ముప్పదడుగుల దేహము అయిదంగుళములలో నిముడును. మొదట కర్రదిమ్మె నెన్నుకొనవలయును; దేహమునకు నార పొడవు వెంటను, రెక్కకు రెక్క చాచిన దిశ వెంటను ఉండవలయును, లేనిచో పలుచనైన చోట కర్ర విరుగును. పక్క ఆకారమును, పై ఆకారమును కాగితముపై గీసి దిమ్మెపైకి ఎత్తి, గీతకు వెలుపల నూలువాసి విడిచి రంపముతో కోయుదురు. పిమ్మట ఉలి, చాకు, ఆకురాయి, గరుకు కాగితము వరుసగా పనిచేయును. దేహపు గుండ్రదనమును కన్ను ఒక్కటియే నిర్ణయింపజాలదు. దళసరి అట్టలో ఆయా చోటుల అడ్డుకోత ఆకారములను కత్తిరించి, వానిని కర్రపై నానించి, నడుమ వెలుతురు కనబడినచో ఇంకను చెక్కవలయునని గ్రహింతురు. రెక్క ముందంచు గుండ్రముగను, వెనుకంచు కత్తివాదరవలె పలుచగను తీరవలెను. ఒకదానిపై నొకటి యుండు రెండు రెక్కల నడుమ నిలువు కమ్ములకు వెదురు పుల్లలు, బిగింపు తీగెలకు సన్నని దారము చాలును. తొందరపడి మితిమీరి చెక్కినవానికి పోయిన కర్ర తిరిగి రాదు. ఓర్పు ఈ విద్యకు మొదటి పరికరము.

వినోదముగా పుట్టిన ఈ పని యుద్ధమున కవసరమైనది. 1932లో ఇంగ్లండున స్కైబర్డ్స్ అను పేర డెబ్బదిరెండవ వంతు కొయ్య సామగ్రి పెట్టెలు అంగళ్లకు వచ్చినవి. పదేండ్లకు, 1942లో, అమెరికా నౌకాదళము తన దేశపు పాఠశాలల విద్యార్థులను అయిదు లక్షల కొయ్య నమూనాలు చేసి యిమ్మని కోరినది. పైని పోవు విమానము మనదో పగవానిదో ఆకారమును బట్టియే క్షణములో గుర్తింపవలసిన సైనికుల శిక్షణకు అవి ఉపకరించినవి. ముప్పదియైదడుగుల దూరమున నుంచిన చిన్న నమూనా, అర మైలు దూరమున నెగురు నిజ విమానమంత కనబడును. ప్రమాణము తప్పని కొలతకు గల మహిమ యిదియే. బాలురు చెక్కిన కర్రముక్క సైనికుని ప్రాణమును కాపాడగలిగినది. యుద్ధానంతరము ప్లాస్టిక్కు అచ్చులు వచ్చి, చెక్కువారి సంఖ్య తగ్గిపోయినది.

మన తెలుగుదేశమున ఈ పనికి కావలసిన కర్రయు, చేయియు నున్నవి. కొండపల్లిలోను, నిర్మల్‌లోను బొమ్మలు చేయువారు వాడు పొనికి తేలికైనది, మెత్తనిది, ఉలికి లొంగునది. కొండపల్లి శిల్పి కర్రలోని చెమ్మ పోవునట్లు సన్నని సెగపై కాచి, తల, చేతులు, మొండెము వేర్వేరుగ చెక్కి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి, దానిపై రంగులు వేయును. అవయవములను విడివిడిగా చెక్కి కూర్చుట, అతుకు కనబడకుండ పూడ్చుట, పూత వేసి నునుపుచేయుట: విమానపు నమూనా చేయువాని క్రమమును ఇదియే. సిద్దిపేట జిల్లాలోనే చేర్యాల యున్నది. అచ్చటి నకాషీ చిత్రకారులు కథాపటములతో పాటు, కాటమరాజు కథ చెప్పు మందహెచ్చులవారికి బొమ్మలు చేసి యిచ్చిన వంశములవారు. కథను కొయ్యలో నిలుపుట వారికి కులవిద్య.

ఇక వేములఘాట్ మాట. అదే సిద్దిపేట జిల్లాలో తొగుట మండలములోని ఈ గ్రామము మల్లన్నసాగరు జలాశయమున మునిగినది. 2016లో గ్రామస్థులు 2013 నాటి భూసేకరణ చట్టము ప్రకారమే తమకు న్యాయము జరుగవలెనని రిలే నిరాహారదీక్షలకు కూర్చుండి, సంవత్సరమునకు మించి వానిని సాగించిరి. ఏబది టీఎంసీల ఆ జలాశయమును 2022 ఫిబ్రవరి 23న ప్రారంభించిరి. ఊరివారు గజ్వేలు సమీపమున కట్టిన పునరావాస కాలనీకి చేరిరి. పొలములకు నీరు వచ్చుట మేలే; కాని ఒక ఊరు లేకుండ పోవుట ఆ మేలుతో మాసిపోవు నష్టము కాదు.

ఎఫ్ 1010 విమానము ఒక్కటి మిగిలినందుననే హైదరాబాదు దళపు విమానమెట్టిదో నేడు చూడగలుగుచున్నాము. వేములఘాట్ విషయమున చూచుటకు మిగిలినది నీరే. కావున ఆ గ్రామపు నమూనాను కొయ్యలో నిర్మింపవలెనని నా మనవి. పండ్రెండడుగులకు అంగుళమను ప్రమాణము తీసికొన్నచో, వేయి అడుగుల వీధి ఏడడుగులలో ఇముడును. పండ్రెండడుగుల యెత్తు గల యిల్లు అంగుళమెత్తున నిలుచును. రెవెన్యూవారి గ్రామ నక్షా కలదు. ముంపునకు ముందు తీసిన ఛాయాచిత్రములు కలవు. అన్నిటికంటె మిన్నగా, ఏ వాడ మలుపున ఏ వేపచెట్టుండెనో, బొడ్రాయికి ఎవరి దర్వాజ ఎదురుగా నుండెనో చెప్పగల వృద్ధులు కాలనీలో నేటికిని కలరు. నక్షా కొలత నిచ్చును, వృద్ధులు ఆ కొలతలోనికి ఊరును తెత్తురు, పొనికి చెక్కగల చేతులు జిల్లాలోనే దొరకును.

నాడు అయిదు లక్షల విమానములను చెక్కు పనికి పూనుకొన్నవి సామాన్యమైన బడులే. ఒక ఊరిని చెక్కుట మన బడులకు శక్యము కాని పని యనరాదు. పునరావాస కాలనీ పిల్లలు వడ్రంగుల చెంత, నకాషీల చెంత కూర్చుండి తమ తాతల యిండ్లను కొలతతప్పక చెక్కినచో, వారికి చేతివిద్యయు, ఊరి చరిత్రయు ఒక్కసారిగ సంక్రమించును. జిల్లా యధికారులును, విద్యాశాఖయును ఈ కార్యమునకు పూనుకొనవలయును. వృద్ధులు జీవించియున్న కాలముననే ఇది జరుగవలెను. ఆలస్యమైనచో నక్షాయే మిగులును, ఊరు మిగులదు.