నెగెటివ్ నుంచి పిక్సెల్‌కు: బాన్సువాడ వంటి పట్టణాల్లో ఛాయాచిత్ర ముద్రణ నాణ్యత

1923–31 మధ్య మంజీర నదిపై జరిగిన నిజాంసాగర్ నిర్మాణం బాన్సువాడ ప్రాంతపు భూమి, నీటి లెక్కలను ప్రభుత్వ దస్త్రాలకు ఎక్కించింది. కాలువల కింది గ్రామాల ప్రజల ముఖాలు, దుస్తులు, పెళ్లిపందిళ్లు మాత్రం చాలావరకు స్టూడియో ఛాయాచిత్రాల్లోనే నమోదయ్యాయి. అందువల్ల ఫిల్ము మేలా, డిజిటల్ మేలా అన్న చర్చ ఛాయాచిత్రకారుల అభిరుచికి మాత్రమే పరిమితమైనది కాదు. అది చరిత్రకారుని ఆధారాలకు సంబంధించినది కూడా.

1885లో ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ కాలంలో ముద్ర ఎంత పెద్దదో గాజుపలక నెగెటివ్ కూడా సాధారణంగా అంతే ఉండేది. పెద్దది చేయవలసిన అవసరం లేనందున వివరం చెదిరేది కాదు. 1901లో కొడాక్ ప్రవేశపెట్టిన 120 రోల్ ఫిల్ము ఈ సూత్రాన్ని సామాన్య స్టూడియోకు అందుబాటులోకి తెచ్చింది. ఒక రోల్‌కు పన్నెండు చిత్రాలు, ఒక్కొక్కటి సుమారు 56 మి.మీ. చదరం. పది అంగుళాల చదరపు ముద్రకు ఈ నెగెటివ్‌ను నాలుగున్నర రెట్లు పెంచితే చాలు, 35 మి.మీ. ఫిల్మునైతే పదిన్నర రెట్లు పెంచాలి. గ్రూపు ఫొటోలో వెనుక వరుసలోని ముఖం గుర్తుపట్టగలమా లేదా అన్నది ఈ తేడాపైనే ఆధారపడేది. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో నలుపు తెలుపు ఫిల్మును దేశీయంగా తయారు చేసింది.

డిజిటల్ గెలుపు మొదట నాణ్యతది కాదు, ఖర్చుది, వేగానిది. 2004 నాటి నికాన్ డి70 చిత్రం వెడల్పు 3008 పిక్సెళ్లు. దానిని 18 అంగుళాల ఆల్బమ్ పుటకు సాగదీస్తే అంగుళానికి 167 పిక్సెళ్లే మిగులుతాయి. మేలైన ముద్రణకు 300 ప్రమాణం. పైగా ఫ్లాష్ వెలుగులో వరుని తెల్లపంచె మడతలు తొలి డిజిటల్ చిత్రాల్లో సులువుగా మాసిపోయేవి. నెగెటివ్ ఫిల్ము అధిక వెలుగును చాలావరకు ఓర్చుకునేది. 6000 పిక్సెళ్ల వెడల్పు గల నేటి కెమెరాలకు ఆ లోటు లేదు. ఆల్బమ్ పరిమాణంలో వాటి ముద్రను మీడియం ఫార్మాట్ ముద్రతో పోల్చి తక్కువ చేయడం పాతదనంపై మమకారమే.

తేడా భద్రతలో ఉంది. నలుపు తెలుపు నెగెటివ్‌లలోని వెండి కోసం వాటిని తూకానికి అమ్మివేయడం మన దేశంలో జరిగినదే. మిగిలిన ఒక నెగెటివ్‌ను అంగుళానికి 2400 చుక్కల చొప్పున స్కాన్ చేసినా సుమారు 2.8 కోట్ల పిక్సెళ్ల చిత్రం లభిస్తుంది. 2004లో 60 లక్షల పిక్సెళ్లతో తీసి, సీడీలో పెట్టి ఇచ్చిన పెళ్లి చిత్రానికి ఆ పరిమాణమే తుది హద్దు, అదీ ఆ సీడీ ఇంకా తెరుచుకుంటే.