ప్యాడాక్ (మోటారు సైకిల్ రేసింగు)

ప్యాడాక్ అనగా మోటారు సైకిల్ రేసు జరిగే చోట రేసర్లు, వారి జట్లు, వారి యంత్రాలు విడిది చేసే ఆవరణ. ట్రాకు ప్రక్కన ఉండే పిట్ గదుల వెనుక భాగములో ఇది ఉంటుంది. సామాను దించుకోవడము, విడిభాగాలు, టైర్లు సిద్ధము చేసుకోవడము, రేసర్లు భోజనము చేయడము, విశ్రమించడము ఇక్కడే జరుగుతాయి. అభిమానులు ప్రసిద్ధ రేసర్లను ముఖాముఖిగా కలుసుకోగల ప్రధాన స్థలము కూడా ఇదే. కొన్ని పోటీలలో ప్యాడాక్ అందరికీ తెరచి ఉంటుంది. మరికొన్నింటిలో ప్రత్యేక పాసు లేనిదే ప్రవేశము లేదు. ఖమ్మం, భద్రాచలం ప్రాంతాలలో రేసు ట్రాకు లేదు. ఇక్కడి అభిమానులు రేసర్లను చూడాలంటే దక్షిణాన చెన్నై, కోయంబత్తూరు ట్రాకులకు గానీ, ఉత్తరాన గ్రేటర్ నోయిడా ట్రాకుకు గానీ వెళ్ళవలసి ఉంటుంది.

పేరు

ఈ మాట గుర్రపు పందేల నుండి వచ్చినది. పందేనికి ముందు గుర్రాలను నడిపించి చూపే, కంచె వేసిన చోటును ప్యాడాక్ అంటారు. హైదరాబాదులోని మలక్‌పేట రేసు కోర్సుకు వెళ్ళినవారికి ఇది పరిచితమే. గుర్రము ఏ స్థితిలో ఉన్నదో, రౌతు ఎలా ఉన్నాడో దగ్గరగా చూసుకొనే వీలు ప్రేక్షకులకు అక్కడ కలుగుతుంది. మోటారు వాహనాల రేసులు మొదలైన తరువాత అదే మాట వాటికీ స్థిరపడినది.

రోడ్ రేసింగు రకాలు

తారు వేసిన దారి మీద జరిగే మోటారు సైకిల్ రేసులను రోడ్ రేసింగు అంటారు. మట్టి దిబ్బల మీద జరిగే మోటోక్రాస్, ఎడారులలోను అడవులలోను జరిగే ర్యాలీ దీనికి భిన్నమైనవి. రోడ్ రేసింగులో రెండు రకాలు ఉన్నాయి.

* సర్క్యూట్ రేసింగు: రేసుల కొరకే నిర్మించిన ట్రాకు మీద జరుగుతుంది. మలుపుల వెలుపల ఖాళీ స్థలము, జారిపడినవారి వేగము తగ్గించే కంకర పరుపు ఉంటాయి.
* రహదారి రేసింగు: మామూలు రోడ్లను కొన్ని గంటల పాటు ప్రభుత్వ అనుమతితో మూసివేసి నిర్వహిస్తారు. రోడ్డుకు ఇరువైపులా గోడలు, చెట్లు, దీపస్తంభాలు ఎప్పటివలెనే ఉంటాయి.

రేసరుకు, అభిమానికి మధ్య దూరము ఎంత అన్నది చాలావరకు ఈ తేడాను బట్టి ఏర్పడినది.

ఐల్ ఆఫ్ మ్యాన్ టి.టి.

బ్రిటన్, ఐర్లాండుల మధ్య ఐరిష్ సముద్రములో ఉన్న ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో 1907 నుండి టూరిస్ట్ ట్రోఫీ (టి.టి.) రేసు జరుగుతున్నది. 1911లో మొదటిసారి ఉపయోగించిన కొండ మార్గము ప్రస్తుతము ఒక చుట్టుకు 60.7 కిలోమీటర్లు. ఊళ్ళ మధ్య నుండి, పొలాల ప్రక్క నుండి, కొండ మీదుగా సాగే ఈ రోడ్డు మీద ఇంతవరకు 250 మందికి పైగా రేసర్లు ప్రాణాలు కోల్పోయారు.

1972లో ఇటలీ రేసరు గిల్బెర్టో పార్లొట్టి ఇక్కడ మరణించిన తరువాత, అతని మిత్రుడు, అప్పటికే ఇక్కడ పది విజయాలు సాధించిన జాకొమో అగొస్తీని ఇక ఈ దీవిలో రేసు చేయనని ప్రకటించాడు. మరికొందరు అగ్రశ్రేణి రేసర్లు కూడా అదే దారి పట్టారు. 1976 తరువాత టి.టి.కి ప్రపంచ ఛాంపియన్‌షిప్ హోదా తొలగిపోయినది. ప్రపంచ పోటీలు క్రమముగా సర్క్యూట్లకు పరిమితమైనవి.

టి.టి. మాత్రము తన పాత పద్ధతిని నిలుపుకొన్నది. రాజధాని డగ్లస్‌లో గ్రాండ్‌స్టాండు వెనుక ఉన్న ప్యాడాక్‌లో చాలా భాగము ప్రజలకు తెరచి ఉంటుంది. రేసర్లు వ్యానులు, గుడారాలు వేసుకొని కుటుంబాలతో ఉంటారు. చేతికి గ్రీజు అంటించుకొని బండి బాగుచేస్తున్న రేసరు ఎదుటనే అభిమాని నిలబడి చూడవచ్చు, పని ముగిసిన తరువాత మాట్లాడవచ్చు.

ఈ సంప్రదాయానికి ప్రతీకగా ఉత్తర ఐర్లాండుకు చెందిన జోయీ డన్‌లప్ (1952 - 2000) పేరు చెబుతారు. 1977 - 2000 మధ్య ఆయన 26 టి.టి. విజయాలు సాధించాడు. వాటిలో చివరి మూడు 48 ఏళ్ళ వయసులో వచ్చినవి. స్వగ్రామము బాలీమనీలో మద్యశాల నడుపుకొంటూ, రేసులు లేని రోజులలో రొమేనియా, అల్బేనియా, బోస్నియాలలోని అనాథ బాలల కొరకు ఆహారము, దుస్తులు తానే వ్యానులో తీసుకొని వెళ్ళేవాడు. 2000 జూలై 2న ఎస్తోనియాలోని టాలిన్‌లో రేసు చేస్తూ మరణించాడు. అంత్యక్రియలకు సుమారు 50,000 మంది వచ్చారు. ఆయన తమ్ముడు రాబర్ట్ 2008లో మరొక రహదారి రేసు సాధనలో మరణించాడు. రెండు రోజులకే రాబర్ట్ కుమారుడు మైకేల్ అదే పోటీలో గెలిచాడు. మైకేల్ 2024లో పెదతండ్రి రికార్డును దాటాడు. 2025 నాటికి అతని టి.టి. విజయాలు 33.

గ్రాండ్ ప్రి పోటీలు

1949లో ఆరంభమైన ప్రపంచ గ్రాండ్ ప్రి ఛాంపియన్‌షిప్‌లోని అగ్ర తరగతిని 2002 నుండి మోటో జీపీ అంటున్నారు. ఇక్కడి సర్క్యూట్లలో రక్షణ ఏర్పాట్లు ఎక్కువ, ప్రాణహాని తక్కువ. అదే సమయములో పెద్ద కంపెనీల పెట్టుబడి, టెలివిజన్ ప్రసారాలు పెరగడముతో ప్యాడాక్ కాపలా ఉన్న ఆవరణగా మారినది. ద్వారము వద్ద ప్రతి ఒక్కరి పాసు పరిశీలిస్తారు.

సామాన్య టిక్కెట్టు కొన్నవారికి రేసర్లు ఈ క్రింది సందర్భాలలో దగ్గరగా కనిపిస్తారు.

* సంతకాల కార్యక్రమము: నిర్ణీత సమయములో రేసర్లు బల్ల వద్ద కూర్చొని సంతకాలు చేస్తారు. క్యూలో ఒక్కొక్కరికి దక్కేది కొన్ని క్షణాలే.
* పిట్ లేన్ నడక: పిట్ గదుల ముందు నుండి నడిచే అవకాశము. దీనికి సాధారణముగా ప్రత్యేక పాసు కావాలి.
* రేసర్ల ఊరేగింపు: 2023 నుండి ఆదివారము ప్రధాన రేసుకు ముందు రేసర్లను వాహనము మీద ట్రాకు చుట్టూ త్రిప్పుతున్నారు.

భారతదేశములో

షోళవరం: 1953లో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఏర్పడినది. మద్రాసుకు ఉత్తరాన, నెల్లూరు వెళ్ళే దారిలో ఉన్న షోళవరములో, రెండవ ప్రపంచ యుద్ధము నాటి విమానాల రన్‌వే మీద ఈ క్లబ్ రేసులు నడిపినది. దేశము నలుమూలల నుండి రేసర్లు, ప్రేక్షకులు వచ్చేవారు. తెలుగు జిల్లాలకు సమీపములో ఉన్న రేసు స్థలము ఇది.

ఇరుంగాట్టుకోట్టై: శ్రీపెరుంబుదూరు సమీపములో, చెన్నై - బెంగుళూరు రహదారి ప్రక్కన అదే క్లబ్ నిర్మించిన ట్రాకు 1990 నుండి వాడుకలో ఉన్నది. పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు. జాతీయ మోటారు సైకిల్ ఛాంపియన్‌షిప్ పోటీలు ఎక్కువగా ఇక్కడ జరుగుతాయి. 2011లో 125 సి.సి. తరగతి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పాల్గొన్న తొలి భారతీయుడు శరత్ కుమార్ చెన్నై వాడే.

కారి మోటార్ స్పీడ్‌వే: కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయములో 2003లో ఆరంభమైనది. పొడవు సుమారు 2.1 కిలోమీటర్లు. రేసు కార్ల రూపశిల్పి, 1995లో విమాన ప్రమాదములో మరణించిన ఎస్. కరివర్ధన్ పేరు దీనికి పెట్టారు. లక్ష్మీ మిల్స్ స్థాపించిన ఆయన కుటుంబము కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఒకటి.

బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్: ఉత్తర ప్రదేశ్‌లోని గ్రేటర్ నోయిడాలో 2011లో ఆరంభమైనది. 2023 సెప్టెంబరు 22 - 24 తేదీలలో ఇక్కడ మోటో జీపీ భారత్ జరిగినది. మన దేశములో మోటో జీపీ పోటీ జరగడము అదే మొదటిసారి. ఆ వారము వీసాల జాప్యము వలన మార్క్ మార్కెజ్ సహా పలువురు ఆలస్యముగా చేరుకొన్నారు. ఎండ తీవ్రత కారణముగా ప్రధాన రేసును 24 చుట్ల నుండి 21కి కుదించారు. ఇటలీ రేసరు మార్కో బెజెక్కి విజేత. ఆనాటి ప్రపంచ ఛాంపియన్ ఫ్రాంచెస్కో బన్యాయా రేసు మధ్యలో జారిపడ్డాడు. ఇతడు 2016లో నెదర్లాండ్స్‌లోని అస్సెన్‌లో మహీంద్రా బండి మీద గెలిచి, ఆ భారతీయ సంస్థకు మొదటి గ్రాండ్ ప్రి విజయము అందించినవాడు. 2024లో జరగవలసిన రెండవ పోటీ రద్దయినది.

జాతీయ పోటీలకు ప్రేక్షకులు తక్కువగా వస్తారు, జట్లు చిన్నవి. అందువలన రేసర్లతో మాట్లాడడము మోటో జీపీలో కన్నా ఎంతో తేలిక. సర్క్యూట్ అయినంత మాత్రాన ప్రమాదము ఉండదని అనుకోరాదు. 2023 ఆగస్టు 5న చెన్నై ట్రాకు మీద జాతీయ పోటీలో 13 ఏళ్ళ బాల రేసరు మరణించాడు.

ఖమ్మం - భద్రాచలం ప్రాంతము

ఖమ్మం పట్టణము ఢిల్లీ - చెన్నై ప్రధాన రైలు మార్గములో, కాజీపేట - విజయవాడల మధ్య ఉన్నది. చెన్నై ఇక్కడికి రైలు మార్గములో సుమారు 530 కిలోమీటర్లు, ఢిల్లీ 1,600 కిలోమీటర్లకు పైగా. భద్రాచలం వారికి సమీప రైల్వే స్టేషను సుమారు 40 కిలోమీటర్ల దూరములో కొత్తగూడెములో ఉన్న భద్రాచలం రోడ్.

భద్రాచలం నుండి చింతూరు మీదుగా మారేడుమిల్లి, రాజమండ్రి వైపు పోయే అటవీ మార్గము మోటారు సైకిల్ యాత్రికులకు ఇష్టమైనది. అక్కడి ఘాట్ మలుపులు చూసిన యువకులకు టి.టి. మార్గము గుర్తుకు రావచ్చును. అయితే రేసు రోజున ఐల్ ఆఫ్ మ్యాన్ రోడ్డు మీద ఎదురు వాహనము ఉండదు. దారి పొడవునా మార్షల్స్, వైద్యులు ఉంటారు, హెలికాప్టరు సిద్ధముగా ఉంటుంది. ఇన్ని ఉన్నా అక్కడ మరణాలు తప్పడము లేదు. మన ఘాట్‌లో ఎదురుగా బస్సులు, లారీలు వస్తాయి, పశువులు అడ్డము వస్తాయి, పెద్ద ఆసుపత్రి చాలా దూరము.

మోటారు వాహనాల చట్టము (1988) 189వ సెక్షను ప్రకారము రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలములో రేసు గానీ వేగపు పరీక్ష గానీ జరపడము నేరము. 2019 సవరణ తరువాత మొదటి నేరానికి మూడు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. మళ్ళీ చేసినచో ఒక సంవత్సరము వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ ఉంటాయి. వేగము మీద ఆసక్తి గలవారు ట్రాకుల వద్ద నడిచే శిక్షణ శిబిరాలలో చేరడము సరైన మార్గము. ప్యాడాక్‌లో రేసర్లను కలిసినప్పుడు వీటి వివరాలు అడిగి తెలుసుకోవచ్చును.

పాటించవలసిన మర్యాదలు

* రేసుకు ముందు రేసరును పలకరించరాదు. హెల్మెట్ పెట్టుకొన్న తరువాత అతని ధ్యాస పూర్తిగా ట్రాకు మీదనే ఉంటుంది. రోజు కార్యక్రమము ముగిసిన తరువాతి సమయము అనువైనది.
* అనుమతి లేనిదే బండిని తాకరాదు. టైర్లకు చుట్టిన వేడి దుప్పట్లు వాటిని సుమారు 80 - 90 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేస్తాయి. సైలెన్సరు అంతకన్నా వేడిగా ఉంటుంది.
* పిట్ లేన్‌లో బండ్లు వస్తూ పోతూ ఉంటాయి కనుక గీత దాటి నిలబడరాదు. పిల్లలను చేయి పట్టుకొని నడిపించాలి.
* ఇంజన్ల మోత తీవ్రముగా ఉంటుంది కనుక చెవులకు ఇయర్ ప్లగ్‌లు పెట్టుకోవాలి.
* ఫోటోకు ముందుగా అడగాలి. ఓడినవారిని, గాయపడినవారిని ఇబ్బంది పెట్టరాదు.
* ప్రవేశ రుసుము, పాసుల నియమాలు పోటీని బట్టి మారుతాయి కనుక బయలుదేరే ముందు నిర్వాహకుల ప్రకటన చూసుకోవాలి.

ఇవి కూడా చూడండి

* మోటారు సైకిల్
* గ్రాండ్ ప్రి మోటారు సైకిల్ రేసింగు
* ఐల్ ఆఫ్ మ్యాన్
* బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్
* భద్రాచలం
* మారేడుమిల్లి